టర్కీ ఏజియన్ తీరపు ప్రాచీన నగరాలు: మీ ముందున్న రెండు టూర్లలో ఏది తీసుకోవాలి?

మీరు పెట్టిన రెండు ప్లాన్లూ నిదానంగా చదివాను. మొదటిది 8 రోజులు, 16 మంది. ఇస్తాంబుల్‌లో మొదలై ట్రాయ్, పెర్గమాన్, ఎఫెసస్, పముక్కలే మీదుగా కప్పదోకియా దాకా వెళ్తుంది. రెండోది 10 రోజులు, 10 మందికి మించరు. ఇజ్మీర్‌లో దిగి, ఏజియన్ తీరం చుట్టుపక్కలే తిరిగి, మళ్లీ ఇజ్మీర్‌లోనే విమానం ఎక్కుతారు. దీని ఖర్చు మొదటిదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. మీతో 66 ఏళ్ల అమ్మగారు వస్తున్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పి ఉంది, బైబిల్లో చదివిన ఎఫెసును కళ్లారా చూడాలన్నది ఆవిడ చిరకాల కోరిక. తక్కువ చోట్లు చూపించే టూర్‌కి ఎక్కువ డబ్బు ఎందుకు కట్టాలన్నది మీ సందేహం.

రెండోదే తీసుకోండి. ఎందుకో చెప్పడానికి కాస్త నిడివి పడుతుంది. నేను ఆ తీరానికి ఏడుసార్లు వెళ్లాను. రెండుసార్లు మామూలు యాత్రికుడిగా, మిగతా ఐదుసార్లు చిన్న బృందం వెంట ఉండి ఏర్పాట్లు చూసుకునే మనిషిగా. అందుకే ఈ ప్లాన్లలో రాసినదాని వెనక ఏం జరుగుతుందో నాకు కొంత తెలుసు.

మొట్టమొదటిసారి వెళ్లింది 38 మంది ఉన్న బస్సులో. ఎఫెసస్ గేటు దగ్గర దిగేసరికి ఉదయం పది దాటింది. ఆ రోజు కుషదాసి రేవులో పెద్ద ఓడలు ఆగాయి. వాటిలోంచి దిగిన వాళ్లంతా మాతోపాటే లోపలికొచ్చారు. మా గైడు మంచివాడు, చదువుకున్నవాడు. కానీ 38 మందిని ఆ పాలరాతి వీధిలో తప్పిపోకుండా నడిపించడానికే ఆయన ఓపికంతా సరిపోయింది. సెల్సస్ గ్రంథాలయం ముందు ఫొటోలకి పది నిమిషాలిచ్చారు. కొండవాలు ఇళ్లకి, అంటే అక్కడి సంపన్నుల ప్రాచీన ఇళ్లకి, వేరే టికెట్ కావాలి కాబట్టి అవి ప్లానులోనే లేవు. బయటికి రాగానే తోలు కోట్ల షోరూంకి తీసుకెళ్లారు. ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను: ఎఫెసస్‌లో గంటా ఇరవై నిమిషాలు, షోరూంలో గంటన్నర. ఆ లెక్క ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఎందుకంటే అంత దూరం వెళ్లిన వాళ్లలో చాలామందికి అది జీవితంలో ఒక్కసారి దొరికే అవకాశం.

అప్పటినుంచీ ఏ ప్లాను చూసినా ఊళ్ల పేర్లు పక్కనపెట్టి, ప్రతి చోటా గేటు లోపల ఎన్ని గంటలు ఉంచుతారో వెతుకుతాను. రాయకపోతే అడుగుతాను. మీ మొదటి ప్లానుకీ అదే లెక్క వేశాను. ఇస్తాంబుల్ నుంచి ట్రాయ్‌కి 300 కిలోమీటర్ల పైమాటే. పెర్గమాన్ ఉన్న బెర్గామా నుంచి ఎఫెసస్ ఉన్న సెల్చుక్‌కి సుమారు 180. సెల్చుక్ నుంచి పముక్కలేకి మరో 190 దాకా. అక్కణ్ణించి కప్పదోకియాకి దగ్గర దగ్గర 600, అంటే పగలంతా రోడ్డు మీదే. 8 రోజుల్లో వచ్చేరోజూ పోయేరోజూ తీసేస్తే మిగిలేవి ఆరు. ఆ ఆరింటిలో సగం బస్సు కిటికీకే పోతాయి. అమ్మగారి మోకాళ్లకి నడకకంటే ఈ కూర్చోవడమే ఎక్కువ బాధ. నా అనుభవంలో ఆ వయసువాళ్లు రాళ్ల మధ్య నెమ్మదిగా రెండు గంటలు నడిచి బాగానే ఉన్నారు. ఐదు గంటలు బస్సులో కూర్చుని దిగేటప్పుడే మెట్టు పట్టుకుని నిలబడిపోయారు.

కప్పదోకియా అందమైన చోటు, కాదనను. కానీ మీరు రాసింది ప్రాచీన నగరాల గురించి. దాన్ని ఇంకోసారికి ఉంచుకోండి. ట్రాయ్ కూడా వదులుకోవచ్చన్నది నా అభిప్రాయం, దీనికి చాలామంది ఒప్పుకోరు. అక్కడ ఒకదాని మీద ఒకటిగా తొమ్మిది ముఖ్యమైన పొరల్లో ఊళ్లున్నాయి. 1870లో తవ్వకం మొదలుపెట్టిన ష్లీమన్ పైపొరల్ని చీల్చుకుంటూ పెద్ద కందకం తవ్వేశాడు. ఏ గోడ ఏ కాలానిదో విడమరిచి చెప్పే మనిషి పక్కన లేకపోతే అక్కడ కొత్తగా వెళ్లినవాళ్లకి మిగిలేది రాళ్ల గుట్టే. 2018లో తెరిచిన ట్రాయ్ మ్యూజియం మాత్రం చాలా బాగుంటుంది. గంటన్నరలో అటు మ్యూజియం, ఇటు సైటు రెండూ అంటే ఏదీ చూసినట్టు కాదు. మీ మొదటి ప్లానులో ఉన్నది ఆ గంటన్నరే.

ఇక రెండో ప్లానులో నాలుగో రోజు చూడండి: ప్రియేనే, మిలేటస్, డిడిమా. ఈ ఒక్క రోజు కోసమే ఆ టూర్‌కి డబ్బు కట్టొచ్చు. ఇది కొంచెం వివరంగా చెప్తాను. మొదటి ప్లానులో ఇవి మూడూ లేవు, మీరు వాటి పేర్లు కూడా విని ఉండకపోవచ్చు.

ఆ ప్రాంతమంతా ఒక నది చేసిన పని. ఇప్పుడు దాని పేరు బుయుక్ మెండెరెస్, పూర్వం మైయాండర్. మెలికలు తిరుగుతూ పారే నదులకి ఇంగ్లీషులో వాడే మియాండర్ అన్న మాట దీని పేరునుంచే వచ్చింది. ప్రాచీన కాలంలో అక్కడ లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు ఖాతం ఉండేది. నది మోసుకొచ్చే ఒండ్రు శతాబ్దాల తరబడి మేట వేసి, ఆ ఖాతాన్ని నేలగా మార్చేసింది. ఖాతంలో ఒక మూల మాత్రం సముద్రంనుంచి తెగిపోయి బాఫా చెరువుగా మిగిలింది. రేవు పట్టణంగా బతికిన మిలేటస్ ఇప్పుడు పొలాల మధ్య ఉంది. సముద్రం కనుచూపుమేరలో లేదు.

పొద్దున్నే ముందు ప్రియేనే వెళ్లాలి, ఎందుకంటే అది మికాలె కొండవాలు మీద ఉంది, ఎండ ముదిరాక ఎక్కడం కష్టం. ఊరు ఎంత వాలుగా ఉన్నా వీధులు మాత్రం గళ్ల నోటుపుస్తకంలా ఒకదాన్నొకటి అడ్డంగా నిలువుగా కోసుకుంటాయి. వాలు ఎక్కువైన చోట వీధే మెట్లుగా మారిపోతుంది. పైన ఎథీనా గుడి, దాని వాస్తుశిల్పి పైథియోస్. తిరిగి నిలబెట్టిన ఐదు స్తంభాలు దూరంనుంచే కనిపిస్తాయి. ఈ గుడిని అలెగ్జాండర్ రాజు ఎథీనాకి సమర్పించాడని చెక్కిన శాసనపు రాయి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అక్కడి నాటకశాల చిన్నది. ముందు వరసలో గొప్పవాళ్ల కోసం చేసిన ఐదు పాలరాతి ఆసనాలున్నాయి, చేతులు ఆనించే చోట కింద సింహం పంజాలు చెక్కారు. సభామందిరం ఇంకా చిన్నది, మూడు వైపులా మెట్లు, 640 మంది దాకా కూర్చోవచ్చు. ఎఫెసస్ లాంటి మహానగరం ఎంత ఘనంగా ఉన్నా, ఒక మామూలు ఊరు తన పనులు తాను ఎలా చక్కబెట్టుకునేదో ప్రియేనేలోనే అర్థమవుతుంది. పైగా జనం ఉండరు. పైన్ చెట్ల గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడని పూటలు నాకు అక్కడ దొరికాయి.

ఆ గుడి అరుగు మీద నిలబడి కిందికి చూస్తే చదునుగా పరుచుకున్న మైదానం, పత్తి చేలు. అదంతా ఒకప్పుడు నీళ్లు. మా గైడు అక్కడ ఏమీ చెప్పకుండా మమ్మల్ని ఐదు నిమిషాలు నిలబెట్టి, తర్వాత అన్నాడు, "ఇప్పుడు మనం సముద్రం అడుగున కారులో వెళ్లబోతున్నాం" అని. ఆ తర్వాత ఇరవై కిలోమీటర్ల ప్రయాణంలో వ్యాన్లో ఒక్కరు కూడా ఫోన్ తియ్యలేదు. అందరూ కిటికీల్లోంచి చేలకేసే చూస్తూ కూర్చున్నారు.

మిలేటస్ చేరగానే ఎదురుగా కనిపించేది నాటకశాల. 15,000 మంది పట్టే కట్టడం. కింది వరసల్లో ఒక మెట్టు మీద, అది యూదుల స్థలమని తెలిపే గ్రీకు అక్షరాలు చెక్కి ఉన్నాయి. రోమన్ల కాలపు రిజర్వు సీటు అన్నమాట. మనంతట మనం వెతుక్కుంటే దొరకడం కష్టం, చూపించేవాళ్లు కావాలి. అమ్మగారు మెట్లెక్కలేకపోయినా ఇది కింద వరసల్లోనే కాబట్టి ఆవిడకి అందుతుంది. ఎక్కగలిగినవాళ్లు పైదాకా వెళ్లి పడమటి వైపు చూడాలి. చేల మధ్య ఒక చిన్న గుట్ట కనిపిస్తుంది. అది లాడే. క్రీ.పూ. 494లో పర్షియన్ల నౌకాదళం గ్రీకు నగరాల నౌకల్ని ఓడించింది ఆ దీవి దగ్గరే. దాంతో మిలేటస్ పతనమైంది. ఇప్పుడు ఆ దీవి చుట్టూ ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. తత్వవేత్త థేలీస్ పుట్టిన ఊరు ఇదే, నగరాన్ని గళ్లుగా కట్టే పద్ధతికి పేరుమోసిన హిప్పోడమస్ ఊరూ ఇదే. రేవు ముఖద్వారాన్ని కాచిన పాలరాతి సింహాలు రెండూ ఇంకా అక్కడే, బురదనేలలో ఉన్నాయి. చలికాలపు వానల తర్వాత వెళ్తే పల్లపు చోట్లన్నీ నీళ్లు నిలిచి, స్తంభాల మొదళ్ల చుట్టూ కప్పలు అరుస్తుంటాయి. ఏప్రిల్‌లో వెళ్లినవాళ్లకి రేవు కాసేపు తిరిగొచ్చినట్టే ఉంటుంది.

బైబిల్లో మిలేతు అని ఉన్న ఊరు ఇదే. పౌలు ఎఫెసు సంఘపు పెద్దల్ని పిలిపించుకుని వీడ్కోలు చెప్పింది ఇక్కడే అని అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం చెప్తుంది. అమ్మగారికి ముందుగా ఆ అధ్యాయం గుర్తుచెయ్యండి.

సాయంత్రానికి డిడిమా. అపోలో గుడి, జోస్యం చెప్పే చోటుగా ప్రాచీన ప్రపంచంలో పేరు పొందింది. 120కి పైగా స్తంభాలతో కట్టాలనుకున్నారు, ఇప్పుడు పూర్తి ఎత్తున నిలబడి ఉన్నవి మూడే. ఒక్కోటి సుమారు 20 మీటర్లు. క్రీ.పూ. 300 ప్రాంతంలో మొదలుపెట్టి శతాబ్దాలు కడుతూనే ఉండి, చివరికి పూర్తి చెయ్యలేకపోయారు. ఆ పూర్తికాకపోవడం వల్లే మనకొక అపురూపమైన సంగతి దక్కింది. ముందు మండపంనుంచి పక్కగా ఉన్న చీకటి సొరంగంలోంచి వాలుగా దిగితే, పైకప్పు లేని పెద్ద లోపలి ఆవరణలోకి వస్తాం. దాని గోడల మీద సన్నటి గీతలున్నాయి. 1979లో హాసెల్‌బెర్గర్ అనే జర్మన్ పరిశోధకుడు గమనించేదాకా వాటిని ఎవరూ పట్టించుకోలేదు. అవి ఆ గుడి కట్టినవాళ్లు గీసుకున్న ప్లాన్లు. స్తంభం మధ్యలో ఎంత ఉబ్బాలో లెక్క కట్టడానికి అడ్డకొలతని అసలు సైజులో, నిలువుకొలతని 16వ వంతుకి కుదించి గీసుకున్నారు. పని పూర్తయ్యాక గోడని నున్నగా చెక్కేస్తారు కాబట్టి ఈ గీతలు పోయేవే. చెక్కే దశ రాలేదు, గీతలు ఉండిపోయాయి.

నేను మొదటిసారి వాటి ముందు నిలబడినప్పుడు నాకేమీ కనపడలేదు. మా గైడు జేబులోంచి చిన్న టార్చి తీసి, గోడకి చెంప ఆనించినట్టు పక్కనుంచి వెలుగు వేశాడు. అప్పుడు ఒక్కో గీతా నీడ పట్టుకుని పైకి లేచింది, వరసగా, సమదూరంలో, చాలా శ్రద్ధగా గీసినవి. ఎవరో మేస్త్రీ చేతి వేగం కూడా తెలుస్తున్నట్టనిపించింది. మేము తొమ్మిది మందిమి. ఒక్కొక్కరూ వంతులవారీగా గోడ దగ్గరికి వెళ్లి చూడ్డానికి అరగంట పైనే పట్టింది. 38 మందితో ఇది జరిగే పని కాదు. గైడుకి ఆ గోడ తెలిసి ఉండొచ్చు, జేబులో టార్చి కూడా ఉండొచ్చు. కానీ అక్కడ అరగంట ఆగే వీలుండదు. మీరు ఎక్కువ కట్టే డబ్బు వెళ్లేది ఆ అరగంటకే.

ఇక ఎఫెసస్. మీ రెండో ప్లానులో దీనికి ఒక పూర్తి రోజు ఇచ్చారు, సంతోషం. ఎగువ గేటులో ప్రవేశించి దిగువ గేటులో బయటికి రావడమే మోకాళ్లకి మంచిది, దారంతా దిగుడే. తెరవగానే లోపల ఉండేలా చూడమని గట్టిగా అడగండి. ఓడల జనం రాకముందు ఒక గంట దొరికితే క్యురేట్స్ వీధి మొత్తం మీదే. సెల్సస్ గ్రంథాలయం ముఖభాగం తూర్పుకి తిరిగి ఉంటుంది, కాబట్టి వెలుగు కూడా పొద్దుటే బాగుంటుంది. రెండో శతాబ్దంలో సెల్సస్ అనే రోమన్ అధికారి కోసం ఆయన కొడుకు అక్విలా కట్టించాడు. తండ్రి సమాధి గ్రంథాలయం కిందే ఉంది. 12,000 గ్రంథపు చుట్టలు పట్టేదని అంచనా. ముఖభాగం మొత్తం కూలిపోయి ఉంటే, 1970ల్లో ఆస్ట్రియా పురావస్తు శాస్త్రజ్ఞులు ముక్కలు ఏరి నిలబెట్టారు. గూళ్లలో ఉన్న నాలుగు స్త్రీమూర్తులు నకళ్లు, అసలువి వియన్నాలో ఉన్నాయి. అందరూ అక్కడ ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు మాత్రం కుడివైపు ఆనుకుని ఉన్న మూడు వంపుల ద్వారం పైన రాతలు చూడండి. అది మజేయస్, మిత్రిడేటిస్ అనే ఇద్దరు కట్టించింది. ఇద్దరూ బానిసలుగా ఉండి విడుదలైనవాళ్లు. ఊరి నడిబొడ్డున, చక్రవర్తి అగస్టస్ పేరు పక్కన తమ పేర్లు చెక్కించుకోగలిగారు.

కొండవాలు ఇళ్లకి వేరే టికెట్ ఉంటుంది. మీ ప్లానులో అది కలిసి ఉందో లేదో రాయలేదు, అడగండి. గోడల మీద రంగుల బొమ్మలు, నేల మీద మొజాయిక్‌లు, సంపన్నుల ఇళ్లు పైకప్పు కింద చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. నా దృష్టిలో ఎఫెసస్‌లో అన్నిటికంటే విలువైనది ఇదే. అయితే లోపల మెట్లు చాలా ఉన్నాయి. అమ్మగారు బయట నీడన కూర్చుని, మీరు వెళ్లి రావడం మేలు. చిన్న బృందమైతే ఎవరో ఒకరు ఆవిడకి తోడుంటారు.

ఆవిడ కోసం సమయం దాచాల్సింది పెద్ద నాటకశాల దగ్గర. 24,000 మంది దాకా పట్టేది. అర్తెమి దేవతకి వెండి గుళ్లు చేసే దేమేత్రియ అనే కంసాలి రేపిన అల్లరిలో జనం రెండు గంటలపాటు కేకలు వేసిన నాటకశాల. మా బృందంలో ఒక పెద్దావిడ ఆ మెట్ల మీద కూర్చుని, తన పాత తెలుగు బైబిల్ తెరిచి, ఆ సంగతి ఉన్న అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం పైకి చదివారు. మిగిలిన మేమందరం, ఆ మతానికి చెందనివాళ్లం కూడా, నిశ్శబ్దంగా విన్నాం. ఆ నాటకశాల ముందునుంచి సూటిగా ఒక రాజవీధి రేవుదాకా పోతుంది. చివర రేవు లేదు, రెల్లుగడ్డి ఉంది. ఇక్కడా అదే కథ, నది మాత్రం వేరు, కుచుక్ మెండెరెస్.

అర్తెమి గుడిని చాలామంది ప్లానులోంచి తీసేస్తారు, చూడ్డానికేం లేదని. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన గుడికి ఇప్పుడు మిగిలింది ముక్కలు పేర్చి నిలబెట్టిన ఒకే ఒక్క స్తంభం. వసంతకాలంలో దాని మీద కొంగ గూడు కడుతుంది. పావుగంట చాలు, కానీ ఆ పావుగంట తప్పించకండి. ఆ మడుగు పక్కన నిలబడి చూస్తే ఒకే చూపులో ఆ స్తంభం, వెనక 14వ శతాబ్దపు ఈసా బే మసీదు, ఆ పైన కొండ మీద యోహాను సమాధి మీద కట్టిన చర్చి శిథిలాలు వరసగా కనిపిస్తాయి. అమ్మగారికి ఆ యోహాను చర్చి తప్పకుండా చూపించండి.

అఫ్రొడీసియాస్‌కి పూట మొత్తం ఇచ్చారు, ఒక్క గంట కూడా తగ్గించనివ్వకండి. గెయిరే అనే పల్లె ఈ నగరం మీదే ఉండేది. 1958లో అరా గూలెర్ అనే ఫొటోగ్రాఫర్ దారి తప్పి అక్కడికి చేరి, పల్లెవాళ్లు ప్రాచీన స్తంభాల ముక్కల మధ్య రోజువారీ బతుకు సాగిస్తుండటం ఫొటోలు తీశాడు. 1961నుంచి 1990లో చనిపోయేదాకా కెనన్ ఎరిమ్ అక్కడే తవ్వాడు, ఆయన సమాధి కూడా ఆ సైటులోనే ఉంది. అక్కడి స్టేడియం 262 మీటర్ల పొడవు, 30,000 మంది పట్టేది, రెండు చివరలూ గుండ్రంగా మూసుకుని ఉంటాయి. నడవలేనివాళ్లు కూడా అంచు మీద నిలబడి మొత్తం చూడొచ్చు. దగ్గర్లోనే పాలరాతి గనులుండటంతో శిల్పులు ఇక్కడ స్థిరపడ్డారు. మ్యూజియంలో సగం చెక్కి వదిలేసిన విగ్రహాలు ఉంటాయి, ఉలి గాట్లు ఇంకా పదునుగా తెలుస్తాయి. పూర్తయిన విగ్రహాలకంటే వాటి దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడతాను.

పముక్కలేలో ఒకే ఒక్క మాట: ఉత్తర గేటు. దక్షిణ గేటునుంచి తీసుకెళ్తే తెల్లటి సున్నపురాతి మెట్లు, గోరువెచ్చటి నీళ్లు చూసి వచ్చేస్తారు. ఉత్తర గేటునుంచి వెళ్తే అక్కడి ప్రాచీన నగరం హియెరాపొలిస్ శ్మశానవాటిక గుండా నడుస్తారు, వెయ్యికి పైగా సమాధులు. ఊరి ద్వారానికి కాస్త ముందు ఫ్లావియస్ జ్యూక్సిస్ అనే వ్యాపారి సమాధి ఉంది. ఇటలీకి వెళ్తూ గ్రీసు దక్షిణ కొసనున్న మలేయా అగ్రాన్ని 72 సార్లు ఓడలో చుట్టి వెళ్లానని దాని మీద రాయించుకున్నాడు. ఆ అగ్రం ఓడలవాళ్లకి ఎంత భయమో తెలిస్తే ఆ అంకె చెక్కించుకోవడం ఎందుకో అర్థమవుతుంది. తెల్లమెట్ల మీద చెప్పులు విప్పి నడవాలి, అది అక్కడి నియమం. గరుకుగా ఉంటుంది, కొన్ని చోట్ల జారుతుంది. అమ్మగారు అంచున కూర్చుని కాళ్లు తడుపుకుంటే చాలు. పక్కనే లవొదికయ అనే ప్రాచీన నగరం ఉంది. మీ ప్లానులో అది లేదు, కానీ దారిలోదే. ఆవిడ కోసం గంటన్నర కలపమని అడిగితే చిన్న బృందం గైడు ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఆ ఊరికి నీళ్లు తెచ్చిన గొట్టాలు లోపల సున్నం గడ్డకట్టి ఎలా పూడుకుపోయాయో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. చల్లగానూ లేవు, వెచ్చగానూ లేవు అని ప్రకటన గ్రంథంలో లవొదికయ సంఘాన్ని మందలించిన మాట ఆవిడకి వెంటనే గుర్తొస్తుంది.

పెర్గమాన్ గురించి ఎక్కువ చెప్పను. కేబుల్ కారు ఉంది కాబట్టి కొండ ఎక్కే బాధ లేదు. అయితే పైనున్న నాటకశాల చాలా నిటారు, అమ్మగారిని ఆ మెట్ల మీదికి దిగనివ్వకండి, పైనుంచే చూడొచ్చు. గ్రీకు దేవుడు జియస్ బలిపీఠం ఉన్న చోట ఇప్పుడు పునాదులూ చెట్లే, శిల్పాలు బెర్లిన్‌లో ఉన్నాయి. కింద ఊళ్లో ఉన్న వైద్యాలయం, అస్క్లెపియాన్, తప్పక చూడాలి. ప్రాచీన కాలపు ప్రసిద్ధ వైద్యుడు గాలెన్ పుట్టి, వైద్యం మొదలుపెట్టిన ఊరు ఇది.

గైడు విషయం. టర్కీలో సైటు లోపల వివరించే హక్కు ఆ దేశపు సాంస్కృతిక, పర్యాటక మంత్రిత్వ శాఖ లైసెన్సు ఉన్న గైడుకే ఉంటుంది. ఫొటో ఉన్న కార్డు మెడలో వేసుకుంటారు. మీ మొదటి ప్లానులో "మా టూర్ మేనేజర్ అన్నీ వివరిస్తారు" అని రాశారు. మేనేజర్ వెంట వస్తే మంచిదే, నేను చేసిన పనీ అదే, కానీ ఆ మనిషి లైసెన్సున్న గైడుకి ప్రత్యామ్నాయం కాదు. టూర్ మొత్తానికీ ఒకే గైడు ఉంటారా, ఊరు మారినప్పుడల్లా మారతారా అన్నది ఇంకా ముఖ్యం. ఒకే మనిషైతే మూడో రోజుకల్లా మీకేది ఇష్టమో, అమ్మగారు ఎంత దూరం నడవగలరో ఆయనకి తెలిసిపోతుంది. ప్రియేనేలో మొదలుపెట్టిన నది కథని ఎఫెసస్‌లో మళ్లీ అందుకోగలుగుతారు. రోజుకొకరు మారితే ప్రతి చోటా రోమన్ చరిత్ర మొదటినుంచి వినాల్సి వస్తుంది.

షాపింగ్ ఆపుల గురించి రాతపూర్వకంగా అడగండి. తివాచీలు, తోలు, నగల షోరూంలకి తీసుకెళ్లడం అక్కడ మామూలే. చౌక టూర్ల ధర తగ్గడానికి అది కూడా ఒక కారణం. ఇష్టమున్నవాళ్లు వెళ్లడంలో తప్పులేదు, కానీ సైటు గంటలు తిని వెళ్లకూడదు. సైట్ల బయట పాత నాణేలంటూ చేతిలో పెట్టేవాళ్లు కనిపిస్తారు. అవి దాదాపు అన్నీ నకిలీవే. ఒకవేళ అసలువైతే ఇంకా ప్రమాదం, పురావస్తువుల్ని దేశం దాటించడం అక్కడ నేరం. నేల మీద పడున్న పెంకుముక్క కూడా జేబులో వేసుకోవద్దని వెంట వచ్చేవాళ్లకి ముందే చెప్పండి.

వెళ్లడానికి మంచి కాలం ఏప్రిల్ చివరినుంచి మే, లేదా సెప్టెంబర్ చివరినుంచి అక్టోబర్. జులై, ఆగస్టుల్లో ఎఫెసస్‌లో నీడ ఉండదు, పాలరాయి కిందనుంచి కూడా కాలుస్తుంది. ఆ రాయి వేల ఏళ్ల నడకకి అరిగి నున్నబడింది, చినుకు పడితే జారుతుంది. అమ్మగారికి అడుగు పట్టుండే బూట్లు, మడిచే చేతికర్ర తప్పనిసరి. బూట్లు కొత్తవి వద్దు, నెలముందు కొని నడిచి అలవాటు చేసుకోమనండి.

అడ్వాన్స్ కట్టేముందు రెండో కంపెనీకి ఈ సంగతులు మెయిల్లో రాయండి. 10 మంది అన్నది గరిష్ఠమా, లేక ఇంకో బృందంతో కలిపే వీలు పెట్టుకున్నారా? కనీసం ఎంతమంది చేరకపోతే టూర్ రద్దు చేస్తారు, ఆ నిర్ణయం ఎన్ని రోజుల ముందు చెప్తారు, విమాన టికెట్ల డబ్బు సంగతేంటి? వ్యాన్లో సీట్లెన్ని? పదిమందికి పది సీట్ల బండి అయితే సామాన్లు ఒళ్లో పెట్టుకోవాలి. కొండవాలు ఇళ్ల టికెట్ కలిసి ఉందా? గైడు ఒక్కరేనా? డిడిమాలో ఎన్ని గంటలు? ఈ చివరి ప్రశ్నకి "ఫొటో స్టాప్" అని జవాబొస్తే మాత్రం నా సలహా వెనక్కి తీసుకుంటాను, మూడో కంపెనీని వెతుకుదాం. జవాబు రాగానే ఇక్కడ పెట్టండి, రోజువారీ గంటలు నేనూ ఒకసారి చూసి చెప్తాను.